క్యాంపర్‌లో ఇంటి ఏసీ, డీజిల్ హీటర్ పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: నా పికప్ వెనక తొట్టిలో కూర్చోబెట్టే క్యాంపర్ ఉంది. నాలుగు జాకీల మీద లేపి, అక్కర్లేనప్పుడు దించేస్తాను. పైకప్పు మీదున్న పాత ఏసీ జనరేటర్ వేస్తే తప్ప నడవదు, ఆ చప్పుడుకు నిద్ర పట్టదు. అది తీసేసి ఇళ్లలో వాడే చిన్న ఇన్వర్టర్ స్ప్లిట్ ఏసీ, దానికి లిథియం బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లు పెట్టిద్దామనుకుంటున్నాను. చలికి డీజిల్ హీటర్. బిగించే గ్యారేజీ వాళ్లు ‘దీనికి పర్మిషన్లేమీ అక్కర్లేదు సార్’ అంటున్నారు. ఇన్సూరెన్స్ ఏజెంట్ అయితే ‘మనం చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది’ అంటున్నాడు. బండి మీద లోన్ ఇంకా ఉంది. చట్టం ఏమంటుంది?
– ఓ పాఠకుడు

జవాబు: గ్యారేజీ వాళ్లు చెప్పింది సగం నిజం. ఏజెంట్ మాట మాత్రం వినకండి, ఎందుకో తర్వాత చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ఈ విషయానికి సంబంధించినది. తయారీ కంపెనీ ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదు అంటుంది. మార్పు అంటే ఏమిటో కూడా అదే సెక్షన్ వివరణలో ఉంది: బండి నిర్మాణంలో చేసిన మార్పు వల్ల దాని మౌలిక స్వరూపం మారిపోవడం. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా మార్పులు కుదరవని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టంగా చెప్పింది.

కాబట్టి మీరు పెట్టేది ఇంటి ఏసీనా, బండి ఏసీనా అన్నది ఈ సెక్షన్‌కు పట్టదు. దాన్ని దేనికి బిగించారు, దానికోసం దేన్ని కోశారు అన్నదే ప్రశ్న. దించి పక్కన పెట్టగలిగే క్యాంపర్ డబ్బా లోపల ఏసీ, బ్యాటరీలు, దాని పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు ఉంటే అవి డబ్బాకు చేసిన ఫిట్టింగులు. డబ్బా దించేస్తే మీ పికప్ షోరూం నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. అంతవరకు 52వ సెక్షన్‌తో పేచీ రాదన్నది నా అభిప్రాయం. అదే డబ్బాను ఛాసిస్‌కు వెల్డింగ్ చేసి శాశ్వతంగా బిగించేస్తే కథ మారుతుంది. అప్పుడది పికప్ కాదు, మోటార్ కారవాన్. దానికి ఏఐఎస్-124 అని వేరే ప్రమాణం ఉంది, ఆమోదం లేకుండా రోడ్డెక్కించడానికి లేదు.

మీ పనిలో గీత దాటే చోట్లు రెండు కనిపిస్తున్నాయి. మొదటిది స్ప్లిట్ ఏసీ అవుట్‌డోర్ యూనిట్. డబ్బా వెనక గోడకు బ్రాకెట్ వేసి వేలాడదీస్తుంటారు. ఈ మధ్య ఒక క్లయింట్ బండి చూశాను. యూనిట్ సరిగ్గా కుడివైపు టెయిల్ ల్యాంప్ ముందుకు వచ్చింది, కింద డ్రెయిన్ పైపు నంబరు ప్లేటులో చివరి అంకె మీద వేలాడుతోంది. దూరం నుంచి చూస్తే 8 కాస్తా 3 లాగా ఉంది! లైట్లు, నంబరు ప్లేటు కప్పేసిన బండిని ఆపడానికి ఏ ఇన్‌స్పెక్టరుకూ 52వ సెక్షన్ దాకా వెళ్లాల్సిన పనే లేదు. డబ్బా ముందు భాగంలో, క్యాబిన్ పైకి వచ్చే చోట కుదురుతుందేమో అడగండి.

రెండోది డీజిల్ హీటర్. దీనికి డీజిల్ ఎక్కణ్నుంచి వస్తుందో ఆలోచించారా? బండి ట్యాంకు నుంచి వచ్చే పైపును మధ్యలో కోసి ‘టీ’ (మూడు దారుల జాయింటు) వేయడం గ్యారేజీల్లో మామూలు. అది చేస్తే మీరు డబ్బాను వదిలి బండి ఇంధన వ్యవస్థలో చెయ్యి పెట్టినట్టే. హీటర్‌కు వేరే చిన్న ట్యాంకు పెట్టించుకోండి. ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీలకు లాగే వైరుకూ ఇదే జాగ్రత్త. సోలార్‌తో సరిపోతే బండి వైరింగు ముట్టుకోకపోవడమే మంచిది, ముట్టుకోక తప్పకపోతే బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

అనుమతి లేని మార్పుకు శిక్ష 182ఏ సెక్షన్‌లో ఉంది: ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ. ‘ఒక్కో మార్పుకు’ అన్న మాట గమనించండి. మీ పనిలో ఏదైనా ఆర్‌సీ వివరాలను మార్చేదే అయితే ముందు ఆర్టీఓ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. ఇంజిన్ మార్చడంలాంటివి చేసినప్పుడు 14 రోజుల్లో తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోవాలని అదే 52వ సెక్షన్ చెబుతుంది.

బరువు సంగతి ఎవరూ అడగరు. ఏసీ, బ్యాటరీలు, ఇన్వర్టర్, ప్యానెళ్లు, నీళ్ల ట్యాంకు అన్నీ కలిస్తే పికప్ మోయగలిగిన దానిలో చాలా భాగం అక్కడే అయిపోతుంది. ఆర్‌సీలో లేడెన్ వెయిట్ అని ఒక అంకె ఉంటుంది, సామాను, మనుషులతో కలిపి బండి అంతకు మించి తూగకూడదు. పని అయ్యాక, నీళ్లు నింపి, మనుషులు ఎక్కి ఒకసారి వేబ్రిడ్జి మీదకు ఎక్కించి ఆ చీటీ దాచుకోండి. అధిక బరువుకు జరిమానా రూ.20,000, పైన ప్రతి అదనపు టన్నుకు మరో రూ.2,000.

ఇక ఏజెంట్ మాట. చెప్పకపోతే ఎవరికీ తెలియదన్నది ప్రమాదం జరగనంత వరకే. మంటలు వచ్చాక ఇన్సూరెన్స్ కంపెనీ సర్వేయర్ వస్తాడు, కాలిపోయిన కంప్రెసరు, బ్యాటరీల ఫొటోలు తీస్తాడు. పాలసీలో ఇవి లేవు అని రాస్తాడు. అక్కడితో క్లెయిమ్ ఆగుతుంది. ఆ రోజు ఏజెంట్ ఫోన్ ఎత్తడు, ఎత్తినా ఆయన నోటిమాట వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. షరతు ఉల్లంఘన మూలానికి తగిలేది కాకపోతే క్లెయిమ్‌లో 75 శాతం ఇప్పించిన తీర్పులు సుప్రీంకోర్టువే ఉన్నాయి. కానీ అది ఏళ్ల తరబడి తిరిగి తెచ్చుకునే 75 శాతం.

అసలు దీనికి దారి ఉంది. కంపెనీ ధరలో లేని, తర్వాత బిగించిన ఎలక్ట్రికల్ సామాన్లకు ఐఎంటీ 24 అనే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జతచేసే అదనపు షరతు) ఉంది. ఒక్కో వస్తువు విలువ విడిగా రాసిచ్చి అదనపు ప్రీమియం కడితే అవి పాలసీలోకి వస్తాయి. సాధారణంగా ఆ ప్రీమియం వస్తువు విలువలో 4 శాతం. క్యాంపర్ డబ్బా విలువ కూడా విడిగా చూపించండి. ఇదంతా ఏజెంటుకు కాదు, ఇన్సూరెన్స్ కంపెనీకే ఈమెయిల్ పెట్టండి, జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.

‘బండి ఆగి ఉన్నప్పుడే కదా ఏసీ వాడేది, ప్రమాదమేముంది’ అని మీకు అనిపించొచ్చు. 1987లో పుణె-బెంగళూరు హైవే మీద పెట్రోలు ట్యాంకర్ పక్కకు ఒరిగిపోయి, నాలుగు గంటల తర్వాత పేలింది. అప్పటికి అది కదలడం లేదు. అయినా ఆ మరణాలు వాహన వినియోగం వల్ల కలిగినవేనని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి రాత్రి మీరు ఆపుకున్న చోట మంట పక్క బండికి అంటుకుంటే అది మీ బండి వల్ల జరిగిన ప్రమాదంగానే లెక్కించే అవకాశం ఉంది. థర్డ్ పార్టీకి ఇన్సూరెన్స్ కంపెనీ ముందు చెల్లించినా, షరతు తప్పారని తేలితే ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశిస్తుంటాయి.

హీటర్‌కు బదులు వంటగ్యాస్ సిలిండర్‌తో వేడి చేసుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. ఇంటి సిలిండర్ ఇంటి వాడకానికే. 2000 నాటి ఎల్‌పీజీ ఉత్తర్వును ఉల్లంఘిస్తే అది నిత్యావసర వస్తువుల చట్టం కిందకు వస్తుంది. డీజిల్ హీటరైనా సరే, గాలి బయటినుంచి తీసుకుని పొగ బయటికే వదలాలి, ఆ గొట్టం కిటికీ కింద ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్న మనిషికి తెలియదు. మంచం దగ్గర దాని అలారం ఒకటి పెట్టించండి. ఇది చట్టం కోసం చెప్పడం లేదు.

లోన్ ఉంది కాబట్టి ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అంగీకారం తీసుకోండి. హైర్ పర్చేజ్ (వాయిదాలన్నీ తీరాకే బండి మీ సొంతమయ్యే ఒప్పందం) అయితే అది లేకుండా మార్పు చేయకూడదని చట్టమే చెబుతుంది, మామూలు లోన్ అయినా అగ్రిమెంటులో అలాంటి షరతు ఉంటుంది, చదవండి.

చివరిగా వారంటీ. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, కేంద్రం నిర్దేశించిన నిబంధనల మేరకు మార్పు చేస్తే కంపెనీ వారంటీ రద్దు కాదు. గ్యారేజీవాళ్లు సొంతంగా చేసే పనికి ఆ రక్షణ లేదు. ఇంటి ఏసీకైతే మరో చిక్కు: వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 87వ సెక్షన్ కింద, వస్తువును దుర్వినియోగం చేసినా మార్చినా అమ్మినవాడి మీద ప్రాడక్ట్ లయబిలిటీ (వస్తువు వల్ల జరిగిన హానికి పరిహారం) కేసు నిలవదు. గోడకు బిగించమని ఇచ్చిన ఏసీని కదిలే బండిలో పెట్టారని వాళ్లు వాదిస్తారు. కొనేముందే ఏసీ వారంటీ కార్డు చదవండి, ‘గృహ వినియోగానికి మాత్రమే’ అని ఉంటే బండ్లకోసమే చేసిన, నేరుగా బ్యాటరీ మీద నడిచే డీసీ ఏసీ వైపు చూడటం మేలు. గ్యారేజీ పనికి మాత్రం రక్షణ ఉంది, బిల్లు ఉంటేనే. ‘ఏసీ ఫిట్టింగ్’ అని ఒక ముక్క కాకుండా ఏ మోడల్, ఏ వైరు, ఏ ఫ్యూజు, హీటర్‌కు వేరే ట్యాంకు అని విడివిడిగా రాయించండి. పని చెడితే సేవా లోపం కింద రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు, ఆన్‌లైన్‌లో కూడా ఫిర్యాదు వేయొచ్చు. గ్యారేజీ వాళ్లతో ‘పర్మిషన్లేమీ అక్కర్లేదు’ అన్న మాటను వాళ్ల లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడిగి చూడండి. రాసిస్తారో లేదో చూస్తే మీకే అర్థమవుతుంది.