కీ వాచీ కబుర్లు

(విజయనగరం గంటస్తంభం దగ్గర నలభై ఏళ్లుగా వాచీలు బాగుచేస్తున్న మెకానిక్ జవాబులు)

ప్రశ్న: 1978లో మా నాన్నగారికి పెళ్లిలో మా తాతగారు పెట్టిన హెచ్‌ఎంటీ జనతా వాచీ బీరువాలో దొరికింది. నాన్నగారు పోయి రెండేళ్లయింది. కీ ఇస్తే అరగంట నడిచి ఆగిపోతోంది. తమ్ముడు అమ్మేద్దామంటాడు. నాకేమో అది పెట్టుకుని బడికి వెళ్లాలనుంది. మగవాళ్ల వాచీ, పైగా పాతది. పెట్టుకోవచ్చా?
– ఒక ఉపాధ్యాయురాలు, బొబ్బిలి

జవాబు: పెట్టుకోండమ్మా. కానీ ఈ వారం కాదు. ముందు దానికి కీ ఇవ్వడం ఆపండి. ఏళ్ల తరబడి బీరువాలో ఉన్న వాచీ ఇలా ఆగిపోతోందంటే చాలావరకు లోపల నూనె ఎండి జిగురైపోయి ఉంటుంది. ఆ జిగురులోనే బలవంతంగా నడిపిస్తే చక్రాల ఇరుసులు అరిగిపోతాయి. ఓవరాయిలింగ్ చేయించండి. మిషన్ మొత్తం విప్పి, కడిగి, ఆరబెట్టి, సూది మొనతో చుక్క చుక్క కొత్త నూనె పెట్టి బిగించే పని అది. ‘పెట్రోల్లో ముంచి తీసేస్తా, పావుగంట కూర్చోండి’ అనేవాళ్లకి ఇవ్వకండి.

ఇచ్చేటప్పుడు డయల్ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. నేను పనిలో చేరిన కొత్తలో ఒక మాస్టారి వాచీ డయల్ మీద మరక కనిపిస్తే, మెరిపించేద్దామని తడి దూదితో తుడిచాను. మరక అలాగే ఉంది. పన్నెండు కింద ఉన్న పేరు మాత్రం దూదికి వచ్చేసింది. మాస్టారు వాచీని చూశారు, నన్ను చూశారు, చేతికి పెట్టుకుని వెళ్లిపోయారు. నాలుగు తిట్టినా బాగుండేది. అద్దం మీద గీతలకైతే బెంగ అక్కర్లేదు. అది గాజు కాదు, ప్లాస్టిక్. మెత్తటి గుడ్డ మీద కాస్త తెల్ల టూత్‌పేస్ట్ వేసి రుద్దితే సన్న గీతలు పోతాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ‘రాళ్లు కొట్టేస్తారేమో, దగ్గరే కూర్చో’ అనొచ్చు. మా కొట్టులోనూ అలా కాపలా కూర్చున్నవాళ్లు చాలామంది. జనతాలో 17 రాళ్లున్న మాట నిజమే. ఇరుసులు అరగకుండా వాటి కొనల దగ్గర పెడతారు. కానీ అవి ఫ్యాక్టరీలో చేసిన కెంపులు. కొట్టేసినా వాటితో టీ కూడా రాదు.

బాగయ్యాక రోజూ పొద్దున్న ఒకే వేళకి కీ ఇవ్వండి. చేతికి పెట్టుకోకముందే ఇవ్వాలి. చేతిమీద ఉండగా తిప్పితే కీ పుల్ల పక్కకి వంగుతుంది. బిగుసుకోగానే ఆపేయండి, ‘ఇంకొక్క చుట్టు’ వద్దు. అది నీళ్లకి ఆగే వాచీ కాదు కాబట్టి స్నానానికీ వంటపనికీ తీసేయండి. బోర్డు మీద రాసే చేతికి కాకుండా రెండో చేతికి పెట్టుకుంటే చాక్‌పీసు పొడి కూడా తక్కువ పడుతుంది. మన ఉక్కపోతలో తోలు బెల్టు ఊరికే చెమటకి నానిపోతుంది, నైలాన్‌ది వేయించుకోండి.

సెల్లు వాచీ అలవాటున్నవాళ్లకి ఒక టెన్షన్ ఉంటుంది: రోజూ కొంచెం తేడా వస్తోందని. జనతా సెకనుకి అయిదుసార్లు కొట్టుకుంటుంది. అంటే రోజుకి 4,32,000 సార్లు. అంత కొట్టుకుని ఇరవై సెకన్లు అటూ ఇటూ అయితే దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు. గంటస్తంభం నీడలో కూర్చునే నా చేతి వాచీయే రోజుకి పదిహేను సెకన్లు ముందు నడుస్తుంది.

మగవాళ్ల వాచీ అన్న మాట వదిలేయండి. అరచేతంత వాచీలు పెట్టుకునే ఈ రోజుల్లో జనతా చిన్నదే. ఇక తమ్ముడి సంగతి. జనతా అరుదైన రకం కాదు, ఒకప్పుడు ఊరూరా కనిపించేది. అమ్మితే ఎవరిల్లూ నిండదని చెప్పండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో రూ.1,800 పెట్టి హెచ్‌ఎంటీ పైలట్ కొన్నాను. ఆకుపచ్చ డయల్ తళతళలాడుతోంది. 1970ల నాటిదని అమ్మినవాడు చెప్పాడు. నా ఫ్రెండ్ చూసి నవ్వుతున్నాడు. ఇలాంటివి ఇప్పటికి ఆరు కొన్నాను. మోసపోయానా?
– ఒక పాఠకుడు, డే అండ్ నైట్ జంక్షన్, శ్రీకాకుళం

జవాబు: యాభై ఏళ్ల డయల్ తళతళలాడదు బాబూ. పాత మిషన్‌కి కొత్తగా రంగేసిన డయల్ తగిలించి ఉంటారు. పైలట్ అంటే నా తరానికి నల్ల డయల్, తెల్ల అంకెలు. భూతద్దం పెట్టి అక్షరాలు చూడండి, అంచులు అలుక్కుపోయి ఉంటే రంగేసినవాడి పనే. నిమిషాల ముల్లు డయల్ అంచున ఉన్న గీతల దాకా అందకపోతే ముళ్లు కూడా వేరేవాటివి.

బెంగళూరులో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో మొదలైన వాచీలివి. 2016 జనవరిలో హెచ్‌ఎంటీ వాచెస్‌ని మూసేయడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. ఇక రావేమోనన్న బెంగతో పాతవాటి మీద జనానికి ప్రేమ పుట్టింది, రంగులేసేవాళ్లకి చేతినిండా పని దొరికింది.

మిషన్ అసలుదే అయ్యుండొచ్చు. పారేయకండి, పెట్టుకోండి. అసలుదని చెప్పి ఇంకొకరికి మాత్రం అంటగట్టకండి. ఆరింటిలో ఒక్కదానికైనా ఓవరాయిలింగ్ చేయించి ఉండరని నా అనుమానం. ఏడోది కొనే డబ్బు ఆ పనికి పెట్టండి.

ప్రశ్న: మూడేళ్లుగా బాగా నడిచిన ఆటోమేటిక్ (చేతి కదలికకే కీ ఎక్కే) వాచీ ఈ వారం నుంచి గంటకి అయిదు నిమిషాలు ముందుకి పోతోంది. చూపిస్తే మిషన్ మార్చాలి, రూ.3,000 అవుతుందన్నారు. మార్చేయనా?
– ఒక పాఠకుడు, ఆమదాలవలస

జవాబు: ఆగండి. రాత్రిళ్లు వాచీ ఎక్కడ పెడుతున్నారు? స్పీకరు మీదా, అయస్కాంతపు మూత ఉన్న ఫోన్ కవరు పక్కనా? వాచీ వేగాన్ని అదుపులో ఉంచే, వెంట్రుకంత సన్నటి హెయిర్ స్ప్రింగ్‌కి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. స్ప్రింగ్ పొట్టిదైపోయినట్టే. వాచీ పరుగందుకుంటుంది. దిక్సూచి దగ్గర పెట్టి చూడండి, ముల్లు గట్టిగా ఊగితే అనుమానం నిజమే. అయస్కాంతం దించే చిన్న పెట్టె చాలా కొట్లలో ఉంటుంది, నిమిషం కూడా పట్టని పని. అప్పటికీ పరుగు ఆగకపోతేనే విప్పించండి. అయస్కాంతం సంగతి చూడకుండానే మిషన్ మార్చాలన్న కొట్టుకి మాత్రం మళ్లీ వెళ్లకండి.