ఢిల్లీ మాస్టర్ ప్లాన్ ప్రశ్నకు సమాధానం: డీడీఏ (ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ) ఎందుకు, ఢిల్లీ ప్రభుత్వం ఎందుకు కాదు

మీరు ఢిల్లీని మన సీఆర్‌డీఏ (అమరావతి రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) లెక్కన చూశారు, గ్రూప్-2 మాక్ టెస్టులో "ఢిల్లీ మాస్టర్ ప్లాన్ (నగరంలో ఏ భూమి దేనికి వాడాలో చెప్పే ప్రణాళిక) తయారుచేసేది ఎవరు" అన్నదానికి "ఢిల్లీ ప్రభుత్వం" అని పెట్టింది అందుకే. విజయవాడ, గుంటూరు వాళ్లకి ఈ పొరపాటు సహజం. ఇలా చూడండి:

1. సీఆర్‌డీఏ 2014లో రాష్ట్ర చట్టంతో వచ్చింది. చైర్మన్ ముఖ్యమంత్రే.

2. డీడీఏ 1957లో పార్లమెంటు చట్టంతో వచ్చింది. కేంద్రం కింద పనిచేస్తుంది, చైర్మన్ లెఫ్టినెంట్ గవర్నర్. ప్లాన్ తయారుచేసేది డీడీఏ, ఆమోదించేది కేంద్రం. మొదటి మాస్టర్ ప్లాన్ 1962లో అమల్లోకి వచ్చింది.

3. అందరూ వదిలేసేది ఇక్కడే: రాజ్యాంగంలోని 239ఏఏ అధికరణం. ఢిల్లీకి అసెంబ్లీ ఉంది, ముఖ్యమంత్రి ఉన్నారు. అయినా శాంతిభద్రతలు, పోలీసు, భూమి – ఈ మూడింటి మీద చట్టాలు చేసే అధికారం ఆ అసెంబ్లీకి లేదు. నోట్సుల్లో పోలీసు గురించి పేజీ రాసి, భూమిని ఒక్క మాటతో దాటేస్తారు. దయచేసి మీరు దాటేయకండి. భూమి మీద అధికారం లేని ప్రభుత్వం ఏ స్థలం ఇళ్లకు, ఏది పార్కుకు అని ఎలా నిర్ణయిస్తుంది? ఇది అర్థమైతే మిగతాది బట్టీ పట్టక్కర్లేదు.

4. ఆప్షన్లలో ఎన్‌డీఎంసీ (న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్) ఉంటే, అది న్యూఢిల్లీ ప్రాంతానికి మున్సిపాలిటీ: రోడ్లు, నీళ్లు, కరెంటు దాని పని, మాస్టర్ ప్లాన్ కాదు.

5. ఆప్షన్లలో ఎన్‌సీఆర్ (జాతీయ రాజధాని ప్రాంతం) ప్లానింగ్ బోర్డు (1985లో వచ్చింది) కూడా ఉంటే, ప్రశ్నలో "రీజినల్ ప్లాన్" అని ఉందేమో చూడండి. ఢిల్లీతో పాటు హర్యానా, యూపీ, రాజస్థాన్‌లలోని కొన్ని జిల్లాలకు ప్లాన్ చేసేది అదే.