కరిగిపోయే స్క్రూలు వేయించుకుని ఉండాల్సిందా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ధర్మవరంలో మగ్గం నేస్తాను. ఎనిమిది నెలల కిందట బండి జారి కుడి చీలమండ లోపలివైపు ఎముక విరిగితే, అనంతపురంలో ఆపరేషన్ చేసి రెండు టైటానియం స్క్రూలు వేశారు. నడక బాగానే ఉంది గానీ, మగ్గం తొక్కేటప్పుడు స్క్రూ తలలు చర్మం కింద ఒత్తుకుంటున్నాయి. తీయించాలంటే మళ్లీ ఆపరేషనేనట. ఒంట్లోనే కరిగిపోయే మెగ్నీషియం స్క్రూలున్నాయని, వాటికి ఏదో పూత వేస్తారని ఫోన్లో చూశాను. నాకు అవి ఎందుకు వేయలేదు? ఆ పూత విషం కాదా?
- ఒక పాఠకుడు, ధర్మవరం

జవాబు (ఎముకల డాక్టర్, కర్నూలు): మీకు అన్యాయమేమీ జరగలేదు, ముందు ఆ దిగులు వదిలేయండి. మెగ్నీషియం స్క్రూలున్న మాట నిజమే. యూరప్‌లో 2013లో ఒకదానికి అనుమతి వచ్చింది. అమెరికాలో 2023లో చీలమండ విరుపులకే ఇంకొకటి వచ్చింది. నా ఆపరేషన్ ట్రేలో మాత్రం ఈరోజుకీ స్టీలు, టైటానియమే.

ఈ ఆలోచన పాతదే. 1907లో లాంబోట్ అనే బెల్జియం సర్జన్ విరిగిన కాలికి మెగ్నీషియం ప్లేటు పెట్టి స్టీలు మేకులతో బిగించాడు. ఎనిమిది రోజులకే ప్లేటు ముక్కలైపోయి, చర్మం కింద గ్యాసు ఉబ్బింది. మన ఒంట్లో నీరు ఉప్పునీరు. అందులో మెగ్నీషియం తినేసుకుపోతూ హైడ్రోజన్ వదులుతుంది. గ్రాము లోహం కరిగితే దాదాపు లీటరు గ్యాసు. పక్కన ఇంకో లోహం తగిలి ఉంటే మరీ వేగం. నిదానంగా కరిగితే ఆ గ్యాసు రక్తంలో కలిసి పోతుంది, తొందరపడితేనే బుడగ కడుతుంది. పైగా ఎముక అతుక్కునే రెండు మూడు నెలలూ స్క్రూ పట్టు సడలకూడదు.

పూత పని అదే. కరగకుండా ఆపడం కాదు, మొదటి వారాల్లో నిదానింపజేయడం. ద్రావణంలో ముంచి ఎక్కువ వోల్టేజీతో మెరుపులు పుట్టించి లోహం పైపొరనే పింగాణీలా మారుస్తారు. దానికి సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి పైన ఇంకో పొర వేస్తారు. కొన్నిటికి కాల్షియం ఫాస్ఫేట్ వాడతారు, అది మన ఎముకలో ఉన్న సరుకే. ఇంకొన్నిటికి కరిగే కుట్ల దారాల జాతి పాలిమర్లు. కాబట్టి విషమన్న భయం అక్కర్లేదు.

నా అనుమానం వేరే చోట. గట్టి ఎముకలో స్క్రూ తిప్పేటప్పుడు దాని చుట్ల అంచుల మీద పూత గీసుకుపోతుంది. ఇనప గేటుకు రంగు ఒక్కచోట పెచ్చు ఊడితే తుప్పు అక్కడే లోపలికి తొలిచినట్టు, ఇక్కడా గీత పడ్డచోటే గుంట పడుతుంది. అందుకేనేమో, యూరప్‌లో వచ్చిన ఆ మొదటి స్క్రూకు అసలు పూతే లేదు; వేరే లోహాలు కలిపి కరిగే వేగాన్ని తగ్గించారు. ఇంకో మాట, కరిగిన మెగ్నీషియం మూత్రంలో పోవాలి కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లు ముందే చెప్పాలి.

ఇక మీ సంగతి. చీలమండ లోపలివైపు చర్మం పలుచన, స్క్రూ తలలు ఒత్తుకోవడం మామూలే. ఎక్స్‌రే తీయించండి. ఎముక పూర్తిగా అతికి ఉంటే స్క్రూలు తీసేయొచ్చు. మొదటిదానితో పోలిస్తే ఇది చిన్న ఆపరేషన్. అక్కడ ఎర్రబడినా, చీము కారినా ఆలస్యం చేయొద్దు. తీశాక స్క్రూలున్న చోట బెజ్జాలు ఎముకతో నిండడానికి కొన్ని వారాలు పడుతుంది. మీ సర్జన్ సరేననేదాకా మగ్గం గుంటలోకి దిగకండి.