పాఠకుల ప్రశ్నలు: ఈజిప్టు ఫారోల కాలంలో పనివాళ్ళ బతుకు

ప్రశ్న: పిరమిడ్లను లక్షలాది బానిసలు కొరడా దెబ్బలు తింటూ కట్టారని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఈమధ్య అది నిజం కాదని చదివాను. ఏది నమ్మాలి? కట్టినవాళ్ళు స్వయంగా రాసిపెట్టింది ఏమైనా దొరికిందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దొరికింది. ముందు మీరు విన్న కథ సంగతి చూద్దాం. ఖుఫు అనే ఫారో ప్రజలందరి చేతా బలవంతంగా పని చేయించాడని, లక్షమంది చొప్పున మూడేసి నెలల వంతులతో ఇరవై ఏళ్ళు పిరమిడ్ కట్టారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అయితే ఆయన ఈజిప్టు చూసింది క్రీ.పూ. 5వ శతాబ్దంలో, గీజాలోని మహా పిరమిడ్ లేచింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. రెండు వేల ఏళ్ళ తరవాత చెవినపడిన మాటను సాక్ష్యంగా తీసుకోలేం.

అసలు సాక్ష్యం గీజా ఇసుకలోనే ఉంది. 1990లో అక్కడ ఒక గుర్రం కాలు మట్టి ఇటుకల గోడకు తగిలి తడబడింది. ఆ చోట తవ్వితే పిరమిడ్ పనివాళ్ళ సమాధులు వరసగా బయటపడ్డాయి. కొన్నిటిపై చనిపోయినవారి పేర్లు, వారు చేసిన పనుల పేర్లు చెక్కి ఉన్నాయి. పక్కన రొట్టె, బీరు కోసం పెట్టిన కుండలు ఉన్నాయి. బానిసలను రాజు సమాధికి అంత దగ్గరలో, పేరు చెక్కి మరీ పూడ్చిపెట్టరు. ఎముకల్లో బరువులు మోసి అరిగిన వెన్నుపూసలు కనిపిస్తాయి. విరిగి, మళ్ళీ సరిగ్గా అతుక్కున్న చేతులూ కాళ్ళూ కనిపిస్తాయి. అంటే దెబ్బ తగిలిన మనిషికి కట్టు కట్టి, మానేదాకా చూసుకున్నవాళ్ళు ఉన్నారన్నమాట. సమీపంలోనే వారు నివసించిన ఊరు, రొట్టెలు కాల్చిన బట్టీలు, తిన్న పశువుల ఎముకలు దొరికాయి.

ఇక రాతల విషయం. 2013లో ఎర్రసముద్రపు ఒడ్డున వాదీ అల్ జర్ఫ్ అనే పాత రేవులో పియెర్ తాలే నాయకత్వంలోని ఫ్రెంచి బృందం కొన్ని పాపిరస్ (ఒక రెల్లులాంటి నీటిమొక్కతో చేసిన కాగితం) ముక్కలను వెలికితీసింది. ఇప్పటిదాకా దొరికినవాటిలో రాత ఉన్న అతి పాత పాపిరస్‌లు అవే. అందులో మెరెర్ అనే పడవ ముఠా మేస్త్రీ రోజువారీ లెక్క ఉంది. అతని ముఠా నైలుకు తూర్పున ఉన్న తూరా గనుల్లో తెల్లని సున్నపురాయిని పడవకు ఎక్కించి, నదిలోనూ కాలువల్లోనూ నడిపి గీజా చేర్చేది. రాళ్ళు దింపి మళ్ళీ తూరాకు వెళ్ళేది. పది రోజుల్లో రెండు మూడు సార్లు ఇలా తిరిగేవారు. ఏ రోజు రాళ్ళు ఎక్కించారు, ఏ రాత్రి ఎక్కడ పడుకున్నారు అన్నవే అందులోని మాటలు. ఖుఫు సవతి సోదరుడు అంఖ్‌హాఫ్ పై అధికారిగా ఉన్నట్టు కూడా అందులో ఉంది. రాజును పొగిడే శాసనాలు ఎన్ని చదివినా, ఈ పొడి పొడి పనిలెక్క ముందు అవి నాకు తేలిపోయినట్టే అనిపిస్తాయి.

అలాగని అందరూ ఇష్టపడి వచ్చారనుకోవడమూ పొరపాటే. ఆరితేరిన శిల్పులు, మేస్త్రీలు ఏడాది పొడుగునా ఉండేవారు. రాళ్ళు లాగే బరువు పనికి ఊళ్ళ నుంచి మనుషులను వంతుల వారీగా రప్పించేవారు. అది రాజ్యం విధించిన పని. పిలుపు వస్తే రానని చెప్పే వీలు లేదు. కానీ తిండీ వైద్యమూ రాజ్యమే చూసేది కాబట్టి దాన్ని బానిసత్వం అనలేం.

ప్రశ్న: ప్రపంచంలో మొదటి సమ్మె ఈజిప్టులోనే జరిగిందంటారు. ఫారోను దేవుడిగా కొలిచే దేశంలో కూలీలు పని మానేయడం సాధ్యమేనా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: రాతలో నమోదైన సమ్మెల్లో మనకు తెలిసినంతలో అదే మొదటిది. క్రీ.పూ. 1157 ప్రాంతంలో, మూడవ రామ్సెస్ పాలన 29వ ఏట అది జరిగింది. నేటి లక్సర్ నగరానికి ఎదుట, నైలు పడమటి గట్టున దెయిర్ ఎల్ మెదీనా అనే చిన్న ఊరు ఉండేది. రాజుల లోయలో ఫారోల సమాధులను తొలిచి బొమ్మలు వేసే పనివాళ్ళు తరతరాలుగా అక్కడే కాపురం ఉన్నారు.

అప్పటికి ఈజిప్టులో నాణేలు లేవు. జీతమంటే ధాన్యమే: మామూలు పనివాడికి నెలకు నాలుగు బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తాల బార్లీ. వారి బస్తా సుమారు 76 లీటర్లు పట్టేది. గోధుమతో రొట్టె, బార్లీతో బీరు. మిగిలింది ఇచ్చి బట్టలో, చెప్పులో, మేకపిల్లో తెచ్చుకునేవారు. ఊరు ఎడారి అంచున ఉండడంతో నీళ్ళు కూడా గాడిదల మీద రావలసిందే. కాబట్టి ధాన్యం ఆలస్యమైతే ఊరి బతుకంతా ఆగిపోతుంది. ఆ ఏడాది నెలలో 18 రోజులు గడిచినా ధాన్యం రాలేదు. పనివాళ్ళు ఊరి కాపలా గోడలు దాటి వెళ్ళి, మూడవ థుట్‌మోస్ గుడి వెనక బైఠాయించారు. ఆకలి, దాహం తాళలేకే వచ్చామని, బట్టలు లేవు, నూనె లేదు, చేపలు లేవు, కూరలు లేవు, ఈ మాట ఫారోకు తెలియజేయండని వారు అధికారులకు చెప్పుకున్నారు. ఇదంతా ఇప్పుడు ఇటలీలోని టూరిన్ మ్యూజియంలో ఉన్న పాపిరస్‌లో చదవవచ్చు. పాత నెల బకాయి చేతికి వచ్చింది కానీ, ధాన్యం మళ్ళీ మళ్ళీ ఆలస్యమవడంతో సమ్మె కూడా పలుమార్లు జరిగింది. ఊరి రక్షణాధికారి మొంత్‌మోస్ పనివాళ్ళను అణచడానికి బదులు, భార్యాబిడ్డలను వెంటబెట్టుకు రండని చెప్పి తానే ముందు నడిచాడు. దేవుడే రాజైనప్పుడు ఆకలి తీర్చవలసిన బాధ్యతా ఆయనదే అన్నది వారి లెక్క. కనుక తమది తిరుగుబాటు అని వారు అనుకోలేదు, హక్కుగా రావలసినది అడిగామనుకున్నారు.

అదే ఊరి హాజరు పట్టీ ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండవ రామ్సెస్ 40వ ఏట ఒక సున్నపురాయి పలక మీద పనివాళ్ళ పేర్లు, రాని తేదీలు నల్ల సిరాతో రాసి, కారణం పైన ఎర్ర సిరాతో వేశారు. ఒకడిని తేలు కుట్టింది, ఒకడికి కళ్ళజబ్బు, ఇంకొకడు బీరు కాచుకుంటున్నాడు, మరొకడు చనిపోయిన తల్లికి బట్ట చుడుతున్నాడు.

ప్రశ్న: హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఉన్నది నిజమైన మమ్మీయేనా? శవం పాడవకుండా ఎలా ఆపారు?
— ఒక విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: నిజమైనదే. నిజాం కుటుంబం ద్వారా ఆ మ్యూజియానికి చేరింది. శవం కుళ్ళడానికి తడి కావాలి. ఆ తడిని తీసేయడమే ఈజిప్టువారి పద్ధతి. పొట్ట ఎడమవైపు కోసి లివరు, ఊపిరితిత్తులు, జీర్ణాశయం, పేగులు తీసి నాలుగు జాడీల్లో వేరుగా భద్రపరిచేవారు. మెదడును ముక్కు గుండా తీసి పారేసేవారు. గుండెను మాత్రం లోపలే ఉంచేవారు. ఆలోచన, జ్ఞాపకం గుండెలోనే ఉంటాయని, పరలోకంలో దానిని సత్యదేవత మాత్ ఈకతో తూస్తారని వారి నమ్మకం. తరవాత శరీరాన్ని నాట్రాన్ అనే సహజమైన సోడా ఉప్పులో కప్పి ఆరబెట్టి, నూనెలూ జిగురూ పూసి నార గుడ్డలు చుట్టేవారు. మొత్తం 70 రోజులు పట్టేది. అందరికీ ఇంత ఖర్చు పెట్టే స్తోమత ఉండేది కాదు. పేదలను ఇసుకలోనే పూడ్చేవారు.

ప్రశ్న: అప్పటి ఆడవారికి ఆస్తి హక్కు ఉండేదా, లేక రాణుల కథలేనా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: మామూలు ఆడవారికీ ఉండేది. కొనవచ్చు, అమ్మవచ్చు, సాక్ష్యం చెప్పవచ్చు, విడాకులు తీసుకోవచ్చు. పైన చెప్పిన దెయిర్ ఎల్ మెదీనాలోనే నౌనఖ్తే అనే వృద్ధురాలు ఐదవ రామ్సెస్ పాలన మూడవ ఏట ఊరి న్యాయసభ ముందు వీలునామా చెప్పి రాయించింది. ఎనిమిది మందిని పెంచాను, సంసారాలకు కావలసినవన్నీ అమర్చాను, ఇప్పుడు ముసలిదాన్నైతే కొందరు నన్ను చూడడం లేదు. చూసినవారికి ఇస్తాను, చూడనివారికి ఇవ్వను అన్నది అందులోని సారాంశం. తన పుట్టింటి నుంచి, మొదటి భర్త నుంచి వచ్చిన ఆస్తి విషయంలో ఆమె మాటే చెల్లింది. రెండో భర్త ఖాఎమ్నున్ ఆస్తిలో మాత్రం పిల్లలందరికీ వాటా ఉంది. ఒక కొడుకుకు ఆమె వాటాతోపాటు అదనంగా ఒక కంచు గిన్నె ఇచ్చింది. మరుసటి ఏడాది ఖాఎమ్నున్ పిల్లలతో సభ ముందుకు వచ్చి, ఆమె రాయించినట్టే జరుగుతుందని మాట ఇచ్చాడు. ఆ ఏర్పాటును తిరగదోడినవారికి వంద దెబ్బలు, ఆస్తి పోవడం శిక్షగా అక్కడే నిర్ణయించారు.