మలుపు 1964లో కాదు, 1960లో పెట్టండి

మీ ప్రత్యామ్నాయ చరిత్ర కథ కోసం, 1964 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో జాతి వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టాన్ని వ్యతిరేకించిన గోల్డ్‌వాటర్ బదులు, దాన్ని సమర్థించిన రాక్‌ఫెల్లర్‌కు రిపబ్లికన్ టికెట్ దక్కి ఉంటే, దక్షిణాది డెమోక్రాట్ల దగ్గరే, ఈశాన్యం రిపబ్లికన్ల దగ్గరే ఉండిపోయేవా అని అడిగారు. అదొక్కటే మారిస్తే కథ నిలబడదండీ. పౌరహక్కుల చట్టం మీద సంతకం పెట్టేది అప్పుడూ డెమోక్రాట్ జాన్సనే. దక్షిణాది కోపం చల్లారదు, వివక్షను సమర్థించిన అలబామా గవర్నర్ వాలెస్ 1968 దాకా ఆగకుండా అప్పుడే విడిగా దిగుతాడు. అసలు బీట 1948లోనే పడింది: పౌరహక్కులను వ్యతిరేకిస్తూ డెమోక్రాట్ల నుంచి విడిగా దిగిన థర్మండ్ దక్షిణాదిలో 4 రాష్ట్రాలు గెలిచి 39 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా ఉండే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) పట్టుకుపోయాడు.

నేనైతే 1960 పట్టుకుంటాను. ఎలక్టోరల్ ఓట్లు డెమోక్రాట్ కెన్నెడీకి 303, రిపబ్లికన్ నిక్సన్‌కు 219, దక్షిణాది సెనేటర్ బర్డ్‌కు 15; గెలవాలంటే 269. చాలామంది ఇక్కడే లెక్క తప్పుతారు. తొమ్మిది వేల ఓట్ల లోపు తేడా ఉన్న ఇల్లినాయ్ (27) ఒక్కటి తిప్పేసి నిక్సన్‌ను గెలిపిస్తారు. అప్పటికీ కెన్నెడీకి 276 మిగులుతాయి! టెక్సాస్ (24) కూడా తిప్పితే నిక్సన్‌కు సరిగ్గా 270. కానీ అక్కడ తేడా 46 వేలు, కాబట్టి కెన్నెడీ టికెట్ నుంచి ఉపాధ్యక్ష అభ్యర్థి, టెక్సాస్‌కు చెందిన జాన్సన్‌ను తప్పించాలి.

నాకు నచ్చిన దారి వేరు. ఇల్లినాయ్‌తో పాటు మిస్సోరి (13) తిప్పండి, అక్కడా తేడా పదివేల లోపే. కెన్నెడీ 263, నిక్సన్ 259. ఎవరికీ మెజారిటీ లేదు గనక ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్తుంది. అక్కడ రాష్ట్రానికి ఒక్క ఓటు, 26 కావాలి. దక్షిణాది ప్రతినిధులు కలవకపోతే డెమోక్రాట్లకు 26 రావు. వాళ్లు అడిగే వెల ఒక్కటే: పౌరహక్కుల జోలికి రావద్దు. మిసిసిపీలో ఎవరికీ కట్టుబడని ఎలక్టర్లను (ఎలక్టోరల్ ఓటు వేసేవాళ్లను) నిలబెట్టింది ఈ బేరం కోసమే.

కెన్నెడీ మాటిస్తే పౌరహక్కుల బిల్లు జెండా డర్క్సన్, జావిట్స్ లాంటి రిపబ్లికన్ సెనేటర్ల చేతికొస్తుంది. 1960లో కూడా నల్లజాతి ఓట్లలో దాదాపు మూడో వంతు నిక్సన్‌కే పడ్డాయి, కాబట్టి ఆ పునాది ఉంది. ఇప్పుడు 1964కు రాక్‌ఫెల్లర్‌ను తెండి, నప్పుతాడు. సెనేట్‌లో మాత్రం జాగ్రత్త: ఫిలిబస్టర్ (ఓటింగ్ జరగకుండా చర్చ సాగదీయడం) ఆపాలంటే అప్పట్లో మూడింట రెండొంతులు కావాలి. నిజంగా 1964లో 71-29తో ఆగిందంటే 44 మంది డెమోక్రాట్లు, 27 మంది రిపబ్లికన్లు కలిస్తేనే. మీ కథలోనూ ఉత్తరాది డెమోక్రాట్లు కలవాల్సిందే. సంతకం పెట్టే అధ్యక్షుడి పార్టీ మాత్రం మారుతుంది, మీకు కావాల్సింది అదే.

ఏ రాష్ట్రం ఏ పార్టీదో చూపే మ్యాప్ అంతా అలాగే గడ్డకట్టించకండి. 1952, 1956లో రిపబ్లికన్ ఐసెన్‌హోవర్ దక్షిణాదిలో వర్జీనియా, ఫ్లోరిడా, టెన్నెసీ, టెక్సాస్ గెలిచాడు. నగర శివార్ల మధ్యతరగతి అప్పటికే రిపబ్లికన్ల వైపు జరుగుతోంది, మీ మలుపు దాన్ని ఆపదు. అలాగే అధ్యక్ష ఓటు మారగానే కాంగ్రెస్ సీట్లు మార్చేయకండి. నిజ చరిత్రలోనే దక్షిణాది ప్రతినిధుల సభ సీట్లలో రిపబ్లికన్లకు మెజారిటీ వచ్చింది 1994లో!