ఇరుగుపొరుగు ప్రశ్నలు: మూల మీద చెత్త, తాళం వేసిన ఇల్లు, పక్కింటి డ్రమ్ము

ప్రశ్న: అక్కా, మాది హైదరాబాద్ శివార్లలో కాలనీ, మా లైన్లో నలభై ఇళ్లుంటాయి. వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఒక ఖాళీ ప్లాటుంది, ఓనరు అమెరికాలో ఉంటాడట. ఊరి చెత్తంతా అందులోనే. మూడుసార్లు చందాలేసుకుని జేసీబీ పెట్టి ఎత్తించాం, వారం తిరక్కుండా మళ్లీ అదే కుప్ప. ఇక్కడ చెత్త వేసేవాడు ఫలానా అని తిట్టు కూడా రాయించి బోర్డు పెట్టారు మావాళ్లు, ఆ బోర్డు కిందే కవర్లు పడుతున్నాయి. సాయంత్రం ఎవరో ఒకరు అంటించేస్తారు, మా అత్తగారికి ఆయాసం. వాట్సాప్ గ్రూపులో రోజూ కొట్లాటే. ఏం చెయ్యమంటారు? — ఒక ఇల్లాలు

జవాబు: బోర్డు సంగతి చదివి నవ్వాగలేదు చెల్లీ, ఎందుకంటే మా వీధిలో గోడకి దేవుళ్ల టైల్స్ అతికించారు, వెంకన్న, సాయిబాబా, మక్కా, ఏసుప్రభువు అందర్నీ ఒకే వరసలో నిలబెట్టారు, పాపం వాళ్ల కాళ్ల దగ్గరే డైపర్లు పడ్డాయి. తిట్టినా దణ్ణం పెట్టినా ఆగలేదు. ఆగదు కూడా, ఎందుకంటే ఆ మూల దాటేటప్పటికి వాడి చేతిలో కవరుంది, ఆఫీసుకి టైమైపోతోంది, అక్కడ ఆల్రెడీ పది కవర్లున్నాయి, పదకొండోది తనదైతే కొంపేం మునగదు కదా అనుకుంటాడు.

మేం ఏం చేశామంటే ఒక ఆదివారం నలుగురం గ్లౌజులు తొడుక్కుని కర్రలతో ఆ కవర్లు విప్పి చూశాం. అసలు వేస్తున్నది ఎవరో తెలియాలి కదా అని. నిమ్మచెక్కలు, కరివేపాకు పుల్లలు, పెరుగు కప్పులు, వాటి మధ్యలో ఒక కొరియర్ కవరు. దాని మీద అడ్రస్ ఉంది. దొరికాడ్రా అని గట్టిగా చదివింది నేనే. డోర్ నంబరు మా ఇంటిదే! మా పై పోర్షన్లో అద్దెకుండే పిల్లలది. మిగతా ముగ్గురూ ఏమీ అనలేదు, అలా నా మొహం వైపు చూశారంతే, ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

కోపంగానే మెట్లెక్కాను. వాళ్లది నైట్ డ్యూటీ, తెల్లారి వచ్చి పడుకుంటారు, స్వచ్ఛ ఆటో ఏడింటికి వచ్చి రెండు నిమిషాలు పాట పెట్టి వెళ్లిపోతుంది. "ఆంటీ, అసలు బండి వస్తుందని మాకు తెలీదు" అన్నాడు ఒకడు కళ్లు నులుముకుంటూ. రెండేళ్లుగా ఉంటున్నాడు మా నెత్తి మీద, నేనెప్పుడూ చెప్పలేదు. తర్వాత వీధంతా మెల్లగా అడుగుతూ పోతే ఎక్కువమందిది ఇదే కథ. ఒకరు పొద్దున్నే ఐదున్నరకి స్కూల్ బస్ డ్యూటీకి పోతారు, ఒక ముసలి దంపతులు రెండో అంతస్తు దిగలేరు, కొత్తగా కట్టిన ఇంటి ముందు ఆటో అసలు ఆగట్లేదు, ఇంకోటి టిఫిన్ బండి, దానికి చెత్త తయారయ్యేదే ఆటో వెళ్లిపోయాక. బద్ధకంతో వేసేవాళ్లు లేరని కాదు, ఉన్నారు, కానీ ఇద్దరో ముగ్గురో.

అప్పుడు కమిటీ గిమిటీ ఏం పెట్టలేదు, జోడీలు కట్టాం. రెండిళ్లకి ఒక జోడీ, ఎవరు మేలుకుని ఉంటే వాళ్లు రెండు బకెట్లూ అందించాలి. మా పైవాళ్ల బకెట్ నేనిస్తాను, బదులుగా మా వాటర్ క్యాన్ వాళ్లు పైకి మోస్తారు, నాకే లాభం. ఆటో అతనితో కొత్త ఇంటి సంగతి మాట్లాడాం, టిఫిన్ బండతను పొద్దున్న దాకా మూతున్న డ్రమ్ములో దాచుకుని ఇస్తున్నాడు, నెలకి కొంచెం ఎక్కువ కడతాడు. ఇదంతా కుదిరాకే కుప్ప ఎత్తించాం. మీరు ముందు ఎత్తించారు, ఆ నలభై ఇళ్ల చెత్త ఎటు పోవాలో చూడలేదు, అందుకే మూడుసార్ల డబ్బులూ మట్టిలో పోశారు.

ఎత్తించిన రోజే ఆ స్థలం కడిగి ముగ్గెయ్యండి, రేపు వేద్దాంలే అనుకోవద్దు. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ వాళ్లు ఇలాంటి మూలల్ని జీవీపీలు, అంటే గార్బేజ్ వల్నరబుల్ పాయింట్లు, అంటారు, క్లీన్ చేసి ముగ్గులేయించడం వాళ్లూ చేసిన పనే. ముగ్గు మీద మొదటి కవరు వెయ్యడానికి ఎవరికైనా చెయ్యి రాదు, రెండో కవరుకి ఆ మొహమాటం ఉండదు. అందుకని మొదటి పది పదిహేను రోజులు పొద్దున్నా రాత్రీ రెండు కుర్చీలేసుకుని అక్కడే టీ తాగండి. ఎవరైనా కవరుతో వస్తే తిట్టొద్దు, ఫోన్లో వీడియోలు తియ్యొద్దు, "బండి ఏడింటికొస్తుందండీ, మీ పక్కింటాయనకిచ్చి వెళ్లండి" అంటే చాలు, సిగ్గుపడి వెనక్కి పట్టుకుపోతారు. పెద్ద డబ్బా పెట్టించమని మాత్రం మున్సిపాలిటీని అడక్కండి, డబ్బా పెడితే దాని చుట్టూ ఇంకో కుప్ప లేస్తుంది. సూర్యాపేట మున్సిపాలిటీకి 2000ల మొదట్లో పేరొచ్చింది ఎందుకనుకున్నారు, రోడ్డు మీద డబ్బాలు తీసేసి ఇంటి దగ్గరే చెత్త తీసుకోవడం మొదలుపెట్టినందుకే.

తడి పొడి విడిగా పెట్టాలని 2016లోనే కేంద్రం రూల్స్ తెచ్చింది. అంతకుముందే 2015లో హైదరాబాద్‌లో ఇంటికో ఆకుపచ్చ డబ్బా, నీలం డబ్బా పంచారు, నీలం దాంట్లో బియ్యం పోసుకున్నవాళ్లు నాకు తెలుసు, పేర్లెందుకులెండి, అందులో మా అక్క ఉంది. పగిలిన గాజు, బ్లేడ్లు, ప్యాడ్లు పేపర్లో చుట్టి విడిగా ఇవ్వండి. మా ఆటో అతని చూపుడువేలికి ఎప్పుడూ ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది, ఎందుకని అడిగితే, ఎవరో ట్యూబ్‌లైట్ పగలగొట్టి అన్నంలో కలిపి వేశారట. అన్నట్టు డ్రైనేజీ పొంగినప్పుడు అతనికో ఐదొందలిచ్చి మ్యాన్‌హోల్లోకి దింపుదాం అనేవాళ్లుంటారు గ్రూపులో, ఆ మాట రానివ్వకండి, 2013 చట్టం ప్రకారం అది నేరం, మనిషి ప్రాణం సంగతి సరేసరి.

అంటించే వాళ్లకి చెప్పండి, బయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద కుప్పైతే 25,000 ఫైన్ అని 2016లోనే గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పింది. కానీ ముందు ఫైన్ మాట ఎత్తకండి, అత్తగారి ఆయాసం మాట ఎత్తండి. ప్లాటు ఓనరుకి ఫెన్సింగ్ వేయించమని మున్సిపాలిటీ ద్వారా నోటీసు ఇప్పించండి, అది నిదానంగా జరుగుతుంది, దాని కోసం ఆగకండి. అసోసియేషన్ రిజిస్టర్ చేద్దామా అని ఎవరో ఒకరు అంటారు, ఏడుగురుంటే అయిపోతుంది, తొందరేం లేదు, ముందు బకెట్లు కదలనివ్వండి.

ప్రశ్న: మేడమ్, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చేసరికి మా వీధిలో రెండిళ్లు దోచేశారు. ఇప్పుడు ఇంటికింత వేసి కెమెరాలు పెట్టి వాచ్‌మెన్‌ని పెడదామని ఓనర్లు, మేమెందుకివ్వాలని అద్దెవాళ్లు. నేను అద్దెవాడినే. కెమెరాలుంటే దొంగలు రారా? — ఒక ఉద్యోగి, గుంటూరు

జవాబు: వస్తారు బాబూ, కాకపోతే వచ్చినట్టు తెలుస్తుంది. అదీ ఎవరైనా చూసుకుంటేనే. మా దగ్గర ఒక బైక్ పోతే ఫుటేజ్ తీశాం, స్క్రీనంతా ఏనుగంత సాలీడు అటూ ఇటూ నడుస్తోంది, లెన్స్ మీద గూడు కట్టి ఎన్నాళ్లైందో. కెమెరా పెడితే నెలకోసారి తుడిచేదెవరు, రికార్డింగ్ అవుతోందో లేదో చూసేదెవరు, ముందు ఆ రెండు పేర్లు రాసుకోండి. ఎవరి వాకిలీ, ఎవరి కిటికీ కనబడకుండా రోడ్డు వైపే తిప్పండి. వందమంది చేరే చోట్ల కెమెరాలుండాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే తెచ్చారు, తెలంగాణలోనైతే కాలనీలు సొంత డబ్బుతో పెట్టుకునేలా పోలీసులు 'నేను సైతం' అని ఒక ప్రోగ్రాం నడిపారు. మీకు ఆంధ్రాలో పోలీసుల ఎల్‌హెచ్ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) ఉంది, ఊరెళ్లేటప్పుడు యాప్‌లో రిజిస్టర్ చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, ఫ్రీనే.

డబ్బుల గొడవకి నా తీర్పు, కెమెరాలు గోడకి ఉండిపోతాయి కాబట్టి ఓనర్లు పెట్టుకోవాలి, వాచ్‌మెన్ జీతం మాత్రం వీధిలో ఉంటున్నవాళ్లందరూ కట్టాలి, మీరు కూడా.

ఇకపోతే పైన చెల్లికి చెప్పిన జోడీ ఇక్కడా పనికొస్తుంది. దొంగ చూసేది తాళం ఒక్కటే కాదు, గేటు లోపల పడున్న మూడు రోజుల పేపర్లు, గేటుకి దోపిన పాంప్లెట్లు, ఎండిపోయిన తులసికోట, పండగ పూట ముగ్గు లేని వాకిలి. మీ జోడీ ఇంటివాళ్లు పేపరూ పాలూ తీసి, సాయంత్రం బయట లైటేసి, వాళ్ల ముగ్గుతో పాటు మీ ముందూ రెండు గీతలు గీస్తే ఆ ఇల్లు ఖాళీగా కనబడదు. గేటు తాళం లోపలివైపు వేసుకోండి. ట్రైనెక్కగానే స్టేటస్ పెట్టే అలవాటుంటే తిరిగొచ్చాక పెట్టుకోండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. కొత్త మనిషి కనబడగానే ఫోటో తీసి గ్రూపులో దొంగ అని పెట్టడం, నలుగురూ కలిసి కొట్టడం వద్దు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన పుకార్లకి తెలంగాణలో కూడా అమాయకుల ప్రాణాలు పోయాయి. అనుమానం వస్తే 112కి ఫోన్ చెయ్యండి, అంతే.

ప్రశ్న: అక్కా, మా పక్కింటోళ్ల మిద్దె మీద పాత టైర్లు, మూత లేని డ్రమ్ము ఉన్నయ్. మా పిలగానికి డెంగీ వచ్చి మొన్ననే లేచిండు. చెప్తే మా ఇంట్ల మా ఇష్టం అంటున్రు. మాటల్లేవు ఇప్పుడు. — ఒక తల్లి, కరీంనగర్

జవాబు: బాబు కోలుకున్నాడు కదా, అది చాలు ముందు. మీ డ్రమ్ములో దోమలున్నాయి అని వెళ్తే ఎవరైనా అలాగే అంటారమ్మా. మీ ఇంటి నుంచి మొదలుపెట్టండి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలరు, మనీప్లాంట్ సీసా, ఎక్కడో ఒకచోట తోకపురుగులు, అదే దోమ పిల్లలు, మీకే దొరుకుతాయి. డెంగీ దోమ మురుక్కాలవలో కాదు, నిలవున్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు కాస్తా దోమైపోతుంది. ఎక్కువ దూరం ఎగరదు, అందుకని మిమ్మల్ని కుట్టింది మీ వాడలో పుట్టిందే. 2020లో తెలంగాణలో ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని మొదలుపెట్టింది ఇందుకే, వారానికోసారి నీళ్లు పారబోస్తే దోమ దాకా రాదు.

మీ కూలర్లో తోకపురుగులు దొరికితే గ్లాసులో పట్టుకుని ఆ పక్కింటావిడకి చూపించండి, "వదినా మా ఇంట్లనే దొరికినయ్, ఇగ చూడు" అని. తర్వాత మీ మిద్దె ఆవిడా, ఆవిడ మిద్దె మీరూ చూసుకోండి, ఎవరింట్లో వాళ్లకి ఎప్పుడూ కనబడవు. డ్రమ్ము ఒంపేస్తే సరిపోదు, లోపలి గోడలకి గుడ్లంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి, చీపురుకట్టతో గట్టిగా రుద్దాలి, మూత లేకపోతే పాత చీర కట్టినా చాలు. ఆ టైర్లు మాత్రం పాత సామాన్లోడు వచ్చిన రోజు మీరే పిలిచి బేరమాడి, డబ్బులు వాళ్ల చేతికే ఇప్పించండి.