ఆ ఖాళీ ఏళ్లలో ఏం చేశాడు?

ప్రశ్న: ఒక బ్రిటిష్ వ్యక్తి పతకాలు వరుసగా ఉన్న ఫొటో చూశాను. మొదటి ప్రపంచ యుద్ధానికి ఇచ్చిన బ్రిటిష్ వార్ మెడల్, విక్టరీ మెడల్, ఆ పక్కన రిబ్బన్ మీద ‘పాలస్తీనా’ అనే పట్టీ ఉన్న జనరల్ సర్వీస్ మెడల్, చివర కలోనియల్ పోలీస్ మెడల్. మొదటి రెండింటి అంచు మీద చెక్కిన పేరు పక్కన కెప్టెన్ అని ఉంటే మూడోదాని మీద పోలీసు సార్జెంట్ అని ఉంది! పైగా యుద్ధం అయ్యాక 1936 దాకా ఏ పతకమూ లేదు. ఇవన్నీ ఒకడివేనా, ఎవరైనా కలిపేశారా?

జవాబు: ఒకడివే అయ్యుండొచ్చు. హోదా తగ్గిందని అనుమానపడకండి, సైన్యంలో హోదా పోలీసులో చెల్లదు. యుద్ధం అయిపోయాక ఆఫీసర్లు కూడా పని దొరక్క తిరిగారు, వాళ్లలో కొందరు 1920లో ఐర్లండ్ దారి పట్టారు. బ్రిటిష్ పాలన మీద అక్కడ లేచిన తిరుగుబాటును అణచడానికి, ఐర్లండ్ పోలీసు దళమైన రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీలోకి మాజీ సైనికుల్ని రోజుకి 10 షిల్లింగులకి తీసుకున్నారు, బ్లాక్ అండ్ టాన్స్ అంటే వీళ్లే. మాజీ ఆఫీసర్లకి ఆగ్జిలరీ డివిజన్ అని వేరే దళం, రోజుకి ఒక పౌండు, అంటే 20 షిల్లింగులు. 1914లో మామూలు సిపాయి జీతం రోజుకి ఒక్క షిల్లింగు, మరి ఎవరు వద్దంటారు?

1922లో ఆ పోలీసు దళం రద్దయింది. దాని పెద్ద హ్యూ ట్యూడర్ అప్పట్లో బ్రిటిష్ పాలనలో ఉన్న పాలస్తీనాకి వెళ్లాడు, ఐర్లండ్‌లో ఉద్యోగం పోయినవాళ్లతో బ్రిటిష్ జెండర్మరీ అని కొత్త దళం కట్టి అక్కడికే పంపారు. 1926లో అదీ పోయింది, కొందరు పాలస్తీనా పోలీసులో చేరిపోయారు. మీరు చూసిన ‘పాలస్తీనా’ పట్టీ 1936 ఏప్రిల్‌లో మొదలైన అరబ్బుల తిరుగుబాటు కాలానిది. ఐర్లండ్‌లో చేసినదానికైతే యుద్ధ పతకమే పెట్టలేదు, మీరన్న ఖాళీకి అదో కారణం. 1920 డిసెంబరులో కార్క్ నగరాన్ని తగలబెట్టింది ఆ దళాల వాళ్లేనని కూడా తెలుసుకోండి, పతకాల వరుస చూసి వీరగాథ అల్లేవాళ్లు ఈ ముక్క దాటేస్తుంటారు. మీరు చూసిన మనిషి కచ్చితంగా ఇదే దారిలో వచ్చాడని నేననను, ఈ దారిలో వచ్చినవాళ్లు మాత్రం చాలామందే.

1914-15 స్టార్ (ఆ రెండేళ్లలో యుద్ధరంగంలో ఉన్నవాళ్లకి ఇచ్చిన పతకం) లేదు కాబట్టి 1916కి ముందు అతను యుద్ధరంగంలో అడుగుపెట్టలేదనుకోవచ్చు. పోలీసు మెడల్ 1938లో మొదలైంది, సాహసానికీ ఇచ్చేవారు, మంచి సేవకీ ఇచ్చేవారు. ఈ రెండిట్లో దేనికిచ్చారో రిబ్బన్ చూసి తేల్చకండి, రిబ్బన్ ఎవరైనా మార్చేయగలరు, మెడల్ వెనక వైపు రాసి ఉంటుంది చూడండి. ఇక కాగితాలంటారా, మొదటి యుద్ధపు సిపాయిల సర్వీసు రికార్డులు చాలావరకు 1940 బాంబుదాడిలో కాలిపోయాయి గానీ, లండన్‌లో క్యూ (Kew) అనే చోటున్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎవరికి ఏ పతకం వచ్చిందో రాసిన మెడల్ కార్డులు బతికే ఉన్నాయి.

ప్రశ్న: ఇలాంటి సెట్‌లోనే పాలస్తీనా, మలయా (ఇప్పటి మలేషియాలో భాగం) అని రెండు పట్టీలున్న జనరల్ సర్వీస్ మెడల్ ఒకటి కనిపించింది. అంచు మీద మాత్రం సైనిక రెజిమెంట్ పేరుంది. మలయాలో అతను పోలీసు అని చెబుతున్నారు. నకిలీయా?

జవాబు: అక్కర్లేదు. రెండోసారి అర్హత వస్తే కొత్త మెడల్ ఇచ్చేవారు కాదు, పట్టీ మాత్రమే పంపేవారు, అంచు మీద చెక్కిన పాత వివరాలు పాతగానే ఉండేవి. అంటే పాలస్తీనాలో సైనికుడు, 1948 తర్వాత మలయాలో పోలీసు. ఆ ఏడాది పాలస్తీనా పోలీసు దళం మూతపడ్డాక దాని అధిపతి నికల్ గ్రే మలయా పోలీస్ కమిషనర్ అయ్యాడు, ఆ దళం వాళ్లు వందల మంది మలయాకే వెళ్లారు. ఒకే మనిషి పేరుతో ఇలాంటి మెడల్స్ రెండు కనిపిస్తే మాత్రం డబ్బు తీసే ముందు ఆగండి.